ఫోటో అంచున సాయన్న

2023 జూలైలో ముంబై కామాటిపురాలో ఒక మహాగాథ జరిగింది. అందులో కూలబోతున్న కోట ఉంది. ఆ కోటలో ఒంటరి వీరుడు ఉన్నాడు. ధర్మాసనం ఉంది, దాని ముందు గుమ్మరించిన వెయ్యి సాక్ష్యాలు ఉన్నాయి.

కాస్త తగ్గించి చెబుతాను. కోట అంటే నాలుగంతస్తుల చాల్, వరసగా ఒంటిగదులుండే పాత బిల్డింగు. వీరుడు బనీను మీద తిరిగే డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి. ధర్మాసనం అంటే ఫ్యాను తిరగని సర్వే ఆఫీసు. సాక్ష్యాలు మాత్రం నిజంగానే వెయ్యి దాకా ఉన్నాయి. అవి తీసింది నేనే. సాక్ష్యాలని తెలిసి తీయలేదు, అంతే తేడా.

ఫాక్‌లాండ్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే గల్లీల్లో ఒకదానిలో మా తెలుగువాళ్ళ సంఘానికి లైబ్రరీ ఉంది. రెండు బీరువాలు, ఆరు కుర్చీలు, ఒక గుమస్తా. ఆ గుమస్తాను నేను. పుస్తకం కావాలని వచ్చేవాళ్ళు లేరు కనుక నా అసలు పని బయట గోడకున్న నల్లబోర్డు. రోజూ పొద్దున ఏడింటికి దాన్ని తుడిచి, నాలుగు గళ్ళు గీసి, తెలుగులో నింపాలి. మొదటి గడి ‘చరిత్రలో ఈ రోజు’. రెండోది ‘మీకు తెలుసా’. మూడోది వాతావరణం. నాలుగోది ‘నా మాట’.

మొదటి రెండూ సులువు. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన రోజు ఏటా అదే తారీఖున వస్తుంది. ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయన్నది ఏ రోజు రాసినా నిజమే. ఇలాంటివాటిని మా పనిలో ఎవర్‌గ్రీన్ అంటాం, అంటే పాడవని సరుకు. వాతావరణం పాడయ్యే సరుకు. ఏడింటికి రాసింది తొమ్మిదికల్లా కుళ్ళిపోతుంది. ఇక నాలుగో గడిలో స్ఫూర్తినిచ్చే మాట ఒకటి రాయాలని కమిటీ నియమం. స్ఫూర్తి నాకు పొద్దున ఏడింటికి రాదు. అందుకని సొంత సంగతులు రాసేవాణ్ణి. అమ్మ భివండీలో అక్క దగ్గరికి వెళ్ళిపోయిందని, కుదిరిన సంబంధం తప్పిపోయిందని, పప్పుకు ఎన్ని విజిల్స్ రావాలో అడగడానికి ఇంట్లో ఎవరూ లేరని. ఇదంతా నడివీధి గోడ మీద రాయడం సిగ్గుచేటు కదా అనిపించవచ్చు. ఈ గల్లీలో తెలుగులో రాసి గోడకు పెట్టడమూ, పెట్టెలో పెట్టి తాళం వేయడమూ ఒకటే.

ఎందుకంటే ఇక్కడి తెలుగు ఇళ్ళ పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవడం మరాఠీలో చదువుతారు. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు ఏడున్నరకల్లా నాకాకు, అంటే పనికోసం నిలబడే కూడలికి, చేరాలి. నేను రాస్తుంటే వెనకనుంచి నడుస్తూనే ఒక మాట అడుగుతారు.

“అన్నా, వాన కొడ్తదా ఇయ్యాల?”

“కొడ్తదంట.”

“సాలు పో. ఇయ్యాల స్లాబ్ పని లేనట్టే.”

నా పాఠకులతో నా చర్చలన్నీ ఇంతే పొడుగు. నాకు తెలుగు రాయడం నాయినమ్మ నేర్పింది. ఆ ఒక్క అర్హత మీద ఈ ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూకు రెండో మనిషి లేడు.

నాకు ముందు పనిచేసినాయన ఒకసారి నాలుగు రోజుల పాటు బోర్డు తుడవలేదట. గల్లీలో ఎవరూ గమనించలేదు గానీ ఐదో రోజు సంఘం సెక్రెటరీ నర్సింగ్ సేఠ్ అటు వచ్చాడు. అప్పటినుంచి ఒక రూలు పెట్టారు. బోర్డు రాయగానే జియోట్యాగ్ ఫోటో తీసి కమిటీ గ్రూపులో పెట్టాలి. జియోట్యాగ్ అంటే ఫోటో అడుగున స్థలం, తారీఖు, గంట అచ్చుపడే ఏర్పాటు. అదే నా హాజరు. గల్లీ ఇరుకు కావడం వల్ల బోర్డు మొత్తం పట్టాలంటే ఎదురు మెట్లెక్కి తీయాలి. అప్పుడు బోర్డు ముందు ఏముంటే అదీ పడుతుంది. స్కూటరు, మేక, మనిషి.

ఆ మనిషి రోజూ ఒకడే. బక్కపలచగా, తెల్ల బనీను, భుజాన తువ్వాలు, నోట్లో బ్రష్. మొదటి గడి నుంచి నాలుగో గడి దాకా పెదవులు కదుపుతూ చదివేవాడు. బ్రష్ ఉన్నప్పుడు పెదవులు కదపడం తేలిక కాదు, నేను ప్రయత్నించి చూశాను. చేరిన కొత్తలో ఫోటోకు అడ్డమని జరగమన్నాను.

“కాకా, కొంచెం పక్కకు.”

ఒక్క అడుగు జరిగాడు. సగం మనిషి ఫోటోలోనే ఉన్నాడు. ఇంకో అడుగు జరగమందామనుకున్నాను, కానీ ఇంకో అడుగు వేస్తే మోరీలో పడతాడు. ఆ తర్వాత అడగలేదు.

చదవడమయ్యాక బ్రష్ తీసి ఒక వాక్యం అనేవాడు. అది ఎప్పుడూ మూడో గడి మీదే.

“నిన్న వాన పడ్తదని రాసినవ్. పడలే.”

“వాతావరణ శాఖోళ్ళు చెప్పిండ్రు కాకా.”

“వాళ్ళెన్నడన్న ఈ గల్లీకొచ్చి చూసిండ్రా?”

అంతే, తువ్వాలు సర్దుకుని చాల్ నల్లా వైపు వెళ్ళిపోయేవాడు. మూడేళ్ళు ఇలా గడిచింది.

ఆ జూలైలో ఒక రోజు పదకొండు గంటలకు ఆయన లైబ్రరీ లోపలికి వచ్చాడు. బ్రష్ లేదు, చొక్కా వేసుకున్నాడు. గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టింది. చేతిలో మరాఠీలో అచ్చేసిన కాగితం ఉంది.

“ఇది జర చదువు బిడ్డ. నాకు మరాఠీ మాట్లాడొస్తది, సర్కారు మరాఠీ రాదు.”

కాగితం మీద మొదట పేరుంది. అది చూసే నాకు ఆయన పేరు సాయన్న అని తెలిసింది.

పాత చాళ్ళన్నీ కూల్చి కొత్త బిల్డింగులు కడతామని మా వైపు గదుల సర్వే నడుస్తోంది. గదిలో ఉంటున్నట్టు రుజువైనవాళ్ళకు కొత్త బిల్డింగులో గది. రుజువు కానివాళ్ళకు ఏమీ లేదు. సాయన్న ఉండేది మొదటి అంతస్తులో పద్నాలుగో నంబరు గది. ఆ గదిలో ఆయన నివాసం రుజువు కాలేదనీ, ఎనిమిది రోజుల్లో హియరింగ్‌కు వచ్చి కనీసం రెండేళ్ళుగా ఉంటున్నట్టు చూపించకపోతే గది జాబితా నుంచి పోతుందనీ ఆ కాగితం చెబుతోంది.

“కాకా, గది ఎవరి పేరు మీద ఉంది?”

“మా అన్న పేరు మీద. గది తీసుకున్నప్పుడు కట్టిన పగ్డీ రసీదు, కరెంటు మీటరు అన్నీ ఆయనవే. ఆయన పోయి ఆరేండ్లాయె. పిల్లల్లేరు. నేనొచ్చి నలభై ఏండ్లయితుంది.”

“నీ పేరు మీద ఏమున్నయ్? ఆధార్, రేషన్ కార్డు, ఓటు?”

“అన్నీ ఉన్నయ్.”

సంచీలోంచి తీసి బల్ల మీద పేర్చాడు. అన్నీ ఉన్నాయి. అన్నింటి మీదా మహబూబ్‌నగర్ జిల్లాలో ఆయన ఊరి అడ్రసే ఉంది.

“నలభై ఏండ్ల సంది ఇక్కడుంటివి గద కాకా. ఒక్క కాగితం కూడ ఇక్కడిది చేయించుకోలేదా?”

“ఊర్ల మూడు గుంటల జాగ ఉన్నది. కార్డు బొంబైకి మార్చుకుంటే ఊర్లకెల్లి పేరు తీసేస్తరు, పేరు పోతే జాగ పోతది అని చెప్పిండ్రు. మా వాళ్ళందరం గట్లనే ఉంచుకున్నం.”

“జాగ ఇప్పుడెట్లుంది?”

“ముండ్లచెట్లు మొలిచినయ్.”

కార్డుకూ జాగాకూ సంబంధం లేదని ఎవరూ ఆయనకు చెప్పలేదు. చెప్పగలిగినవాళ్ళు కూడా ఆ మాట నమ్మే తమ కార్డులు ఊళ్ళో ఉంచుకున్నారు. ముండ్లచెట్లను కాపాడుకోవడానికి ఆయన కాగితం మీద నలభై ఏళ్ళు ఊరు దాటలేదు. ఊరి లెక్కన ఆయన ఊళ్ళో ఉన్నాడు, ముంబై లెక్కన ముంబైలో లేడు. మధ్యలో ఎవరో రోజూ మా బోర్డు ముందు పళ్ళు తోముకుంటున్నారు.

కాగితం లేకపోతే అదే చాల్‌లో ఉండే ఇద్దరు పొరుగువాళ్ళ సంతకాలు కావాలి. ఇద్దరం వెళ్ళాం. నలభై ఏళ్ళున్న చోట ఇద్దరు దొరకరా అనుకుంటాం. ఒకప్పుడు ఆ అంతస్తంతా తెలుగువాళ్ళే. బాగుపడ్డవాళ్ళు శివార్లకు పోయారు, బాగుపడనివాళ్ళు ఊరికి పోయారు. ఇప్పుడు ఎడమ గదిలో బ్యాగులు కుట్టే వర్క్‌షాప్, వాళ్ళొచ్చి ఎనిమిది నెలలు. కుడి గదికి తాళం. ఎదురు గదిలో సుమన్ తాయి అనే మరాఠీ ఆవిడ ఉంది, చాలా కాలంగా ఉంది. మా ఆశంతా ఆమె మీదే.

“ఈయన నాకు తెలుసు,” అంది ఆమె. “పొద్దున ఆరున్నరకు తలుపు తీస్తాడు. బోల్టు జిగురుగా ఉంది, రెండుసార్లు లాగుతాడు. రాత్రి తొమ్మిదికి మూస్తాడు.”

నాకు ప్రాణం లేచొచ్చింది. ఫారం ఇచ్చాను. ఆమె చదివి తిరిగి ఇచ్చేసింది.

“ఇందులో ‘ఫలానా పేరు గల వ్యక్తిని వ్యక్తిగతంగా ఎరుగుదును’ అని ఉంది. పేరు నువ్వు ఇప్పుడు చెబితే తెలిసింది. పన్నెండేళ్ళలో మేమిద్దరం మాట్లాడుకోలేదు. నేనెట్లా సంతకం పెట్టను?”

సాయన్నకు కోపం రాలేదు. “ఆమె అన్నది కరెక్టే,” అన్నాడు మెట్లు దిగుతూ. “ఆమె పేరు నాకూ ఇప్పుడే తెలిసింది.”

నేను సంతకం పెట్టడానికి లేదు. నా గది పక్క పేట నాగ్‌పాడాలో ఉంది. ఆ చాల్‌లోనే ఉన్నా ఆ వాక్యం కింద సంతకం పెట్టే అర్హత నాకు సుమన్ తాయి కంటే ఏమీ ఎక్కువ లేదు. మూడేళ్ళుగా ఆయన్ను రోజూ చూస్తున్నాను. ఆయనకు పెళ్ళయిందో లేదో నాకు తెలియదు.

మర్నాడు బోర్డు రాయబోతూ, రెండో గడికి ఏమీ తోచక, ఫోనులో నిరుటి ఫోటోలు తెరిచాను. కిందటి ఏడాది విశేషాన్ని ఈ ఏడాది దింపేయడం మా వృత్తిలో తప్పు కాదు. ఫోటో అంచున ఒక బనీను కనిపించింది. దాని ముందు రోజు ఫోటోలో భుజం, తువ్వాలు. ఇంకా ముందు రోజుదాంట్లో మనిషి మొత్తం, బ్రష్‌తో సహా. వెనక్కి జరుపుతూ పోయాను. నెలలు పోయాయి, ఏళ్ళు పోయాయి. స్కూటర్లు మారాయి, మేక మాయమైంది. ఆయన మాత్రం ఉన్నాడు. ప్రతి ఫోటో అడుగునా గల్లీ పేరు, తారీఖు, పొద్దున ఏడూ ఇరవయ్యో ఏడూ ఇరవై అయిదో అచ్చుపడి ఉంది.

సాయన్న వచ్చాక చూపించాను. ఆయన ఫోను దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసుకున్నాడు.

“ఇన్ని ఫోటోలెందుకు తీసినవ్ నాయి?”

“నీవి కాదు కాకా. బోర్డువి. నువ్వు అడ్డమొచ్చినవ్.”

“మంచిగనే వచ్చిన.”

ఒక చోట మాత్రం ఆయన లేడు. కిందటి చలికాలంలో వరసగా పదకొండు ఫోటోల్లో బోర్డు ఒక్కటే ఉంది.

“ఈ పదకొండు రోజులు ఎక్కడికి పోయినవ్?”

ఆయన తారీఖు చూశాడు.

“జ్వరం. లేవలేకపోయిన. నీళ్ళ బాటిల్ పక్కకు పెట్టుకొని పన్న.”

“ఎవరు చూసుకున్నరు?”

“జ్వరాన్ని చూసేదేముంది. అదే పోయింది.”

నేను ఆ పదకొండు ఫోటోలనూ కమిటీ గ్రూపులో వెతికాను. మూడో రోజు ఫోటో కింద నర్సింగ్ సేఠ్ బొటనవేలు గుర్తు పెట్టి, ‘ఇయ్యాల ఫోటో క్లియర్‌గా ఉంది, రోజూ ఇట్లనే తీయ్’ అని రాశాడు. నేను థాంక్యూ సేఠ్ అని జవాబిచ్చాను. నాలుగో గడిలో ఆ రోజు ఏం రాశానా అని పెద్దది చేసి చూశాను. నాకు జలుబు చేసిందని రాసుకున్నాను.

నెలకొకటి చొప్పున ఏరి ప్రింట్లు తీయించి హియరింగ్‌కు వెళ్ళాం. ఆఫీసరు ఒక మేడమ్, నడివయసు, రెండు కళ్ళజోళ్ళు, ఒకటి నెత్తిన, ఒకటి ముక్కున. మాటలు మరాఠీలో జరిగాయి, నేను మీకు తెలుగులో చెబుతున్నాను. ఆమె మొదటి ఫోటో చూసింది.

“ఇది గల్లీ. గది ఏది?”

“గదిలో బోర్డు పట్టదు మేడమ్,” అన్నాను.

ఆమె నవ్వలేదు. “రోడ్డు మీద నిలబడ్డవాడు రోడ్డు మీద ఉన్నట్టు. పద్నాలుగో నంబరులో ఉన్నట్టు కాదు. ఈ బోర్డు మీద ఏముంది? ఇతని పేరు ఉందా?”

“లేదు మేడమ్. అది మా రోజువారీ బోర్డు.”

“తెలుగు నాకు రాదు. రికార్డులో పెట్టాలంటే ఏముందో తెలియాలి. చదివి చెప్పు.”

అలా నేను సర్కారీ ఆఫీసులో నిలబడి ఆక్టోపస్‌కు మూడు గుండెలని మరాఠీలో వాంగ్మూలం ఇచ్చాను. పక్క గుమస్తా రాసుకున్నాడు. మోస్తరు వర్షాలు పడే అవకాశం ఉందన్నాను. అదీ రాసుకున్నాడు. నాలుగో గడి దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుని, లేని స్ఫూర్తి వాక్యం ఒకటి కల్పించి చెప్పాను.

“ఆక్టోపస్ రాసిన నాడు గట్ల లేదు,” అన్నాడు సాయన్న తెలుగులో. తర్వాత మేడమ్ వైపు తిరిగి మరాఠీలో చెప్పాడు. “అన్నం ఎక్కువ వండిన. మిగిలింది రేపటికి పెట్టిన. రేపు కూడ తినేది నేనే. అట్లుంది మేడమ్.”

మేడమ్ నన్ను చూసింది. “ఎవరి అన్నం?”

“నాది మేడమ్.”

“పెళ్ళి కాలేదా?”

“ఇవాళ హియరింగ్ నాది కాదు మేడమ్.”

ఆమె రెండో ఫోటో సాయన్న ముందుకు జరిపింది. “ఇందులో?”

ఆయన కళ్ళజోడు తేలేదు. అక్షరాలు కనిపించవు. కింది తారీఖు ఏమిటని నన్ను అడిగి, చెప్పడం మొదలుపెట్టాడు. “దీంట్లో వాళ్ళ అమ్మ ఫోన్ జేసింది. ఏం తిన్నవని అడిగితే చికెన్ అని అబద్ధం చెప్పిండు.” మూడో ఫోటో. “పిల్ల తరఫోళ్ళు సంబంధం వద్దన్నరు. గోడ మీద రాసే ఉద్యోగం ఉద్యోగం కాదన్నరంట.” నాలుగోది గుర్తుకు రాలేదు. “ఆ రోజు వాన పడ్తదన్నడు. పడలే,” అన్నాడు.

నేను ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాను. అది తిరగడం లేదు కాబట్టి చూడటానికి వీలుగానే ఉంది. ఈయన వాన కోసమే ఆగుతాడనీ, నాలుగో గడి మాత్రం ఖాళీ గల్లీకే రాస్తున్నాననీ మూడేళ్ళు అనుకున్నాను. పాఠకులు లేరని ఒకసారి నాలుగో గడిలోనే రాశాను కూడా. అది చదివి ఈయన ఏమీ అనలేదు. అన్నాడేమో, వాన గురించి.

“రోజూ ఎందుకు చదువుతారు ఇదంతా?” అని మేడమ్ ఆయన్ను అడిగింది.

“పండ్లు తోమేటప్పుడు ఇంకేం పని ఉంటది మేడమ్?”

ఆమె పైన ఉన్న కళ్ళజోడు కిందకు దించి ఫోటోలన్నీ మళ్ళీ మొదటినుంచి తిరగేసింది. ఈసారి బోర్డు చూడలేదు.

“అన్నిట్లో బ్రష్ ఉంది,” అంది.

“ఉంది మేడమ్.”

“నోరు ఎక్కడ కడుక్కుంటారు?”

“చాల్ నల్లా దగ్గర. గది కిందనే.”

ఆమె గుమస్తా వైపు తిరిగింది. “పళ్ళు తోముకోవడానికి ఎవరూ రైలెక్కి ఇంకో పేటకు రారు. బనీను మీద అసలే రారు. ఇతను అక్కడే ఉంటున్నాడు. రాసుకో.” గుమస్తా దీన్ని ఏ కాలమ్‌లో రాయాలని అడిగాడు. ‘ఇతర ఆధారాలు’ కాలమ్‌లో అని చెప్పింది.

నేను ఊహించుకున్న ఘట్టంలో ఈ చోట ఎవరో ఒకరు కంటతడి పెట్టుకుంటారు. సాయన్న మాత్రం బయటికొచ్చి, “నోట్ల బ్రష్ లేని ఫోటో ఒక్కటన్న తీయకపోతివి,” అన్నాడు.

జాబితా పదిహేను రోజులకు వచ్చింది. పద్నాలుగో నంబరు ఎదురుగా ఆయన పేరుంది. గోడలు నానిపోయాయి కనుక ఆయన చాల్‌నే ముందు ఖాళీ చేయించారు. కొత్తది కట్టేదాకా ట్రాన్సిట్ గదిలో, అంటే సర్కారు ఇచ్చే తాత్కాలిక గదిలో ఉండాలి. అది రెండు రైళ్ళు మారి వెళ్ళే శివారులో ఉంది. ఇక్కడే ఉంటున్నాడని నిరూపించినందుకు ఫలితంగా ఆయన్ను ఇక్కడినుంచి పంపించారు. సెప్టెంబరులో ఒక ట్రంకు పెట్టె, ఒక బకెట్ తీసుకుని వెళ్ళిపోయాడు. సుమన్ తాయి బకెట్ పట్టుకుని ట్యాక్సీ దాకా వచ్చింది. ఆమెను వేరే శివారుకు పంపారు.

వారం తర్వాత నేను బోర్డు రాసి, ఫోటో తీసి, ఆయనకు ఫోన్ చేశాను. నాలుగు గళ్ళూ చదివి వినిపిద్దామని.

“బ్రష్ ఎప్పుడో అయిపాయె బిడ్డ,” అన్నాడు. “ఈడ నీళ్ళు అయిదింటికే వస్తయ్. నువ్వు అయిదింటికి రాస్తవా?”

“రాయను కాకా.”

“మరేం చేస్తం. వాన కొడ్తదా ఇయ్యాల?”

“కొడ్తదంట.”

“ఈడనైతే లేదు,” అని పెట్టేశాడు. ఇప్పటికీ ఆదివారాలు చేస్తుంటాను. ఆయనకు పెళ్ళయిందనీ, భార్య కాన్పులో పోయిందనీ రెండో ఆదివారం తెలిసింది. అడిగితే చెప్పాడు. మూడేళ్ళలో అడగకపోవడమే తక్కువైంది.

ఈ కేసు నాకు నేర్పిందేమిటని మా లైబ్రరీ వార్షిక సంచిక వాళ్ళు అడిగారు. బోర్డు ముందు ఎవరు ఆగినా పేరు అడగడం నేర్చుకున్నాను. ఇప్పటిదాకా ఇద్దరు ఆగారు. ఒకాయన ట్యాక్సీ కోసం. ఫోటోలు ఇప్పుడు రోజూ క్లియర్‌గానే వస్తున్నాయి.

ఇలాంటి హియరింగ్‌లకు ఫోటోలు తీసుకెళ్ళేవాళ్ళు మెరిసే కాగితం మీద ప్రింట్ తీయించవద్దు. దాని మీద రబ్బరు స్టాంపు సిరా ఆరదు. మామూలు ఏ-ఫోర్ కాగితం చాలు. రెండు సెట్లు తీయించి, ప్రతిదాని వెనకా సంతకం పెట్టాలి. ఆఫీసుకు ఒకటిన్నర నుంచి రెండున్నర దాకా భోజన విరామం.